ఒప్పుకున్న ఆట

మార్చి తొమ్మిదో తారీఖుకి మా ఊరికి నా ఒక్కడికే టిక్కెట్టు తియ్యమని మా అమ్మాయి కిరణ్మయితో చెప్పినప్పుడు, మా ఆవిడ మంగతాయారు వంటగదిలో ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. గుడ్డుకి దారం చుట్టి రెండు కొసలూ లాగింది. గుడ్డు రెండు చెక్కలై పళ్ళెంలో పడింది.

"ఒక్కడికేనా నాన్నా?" అంది అమ్మాయి.

"మీ అమ్మని అడిగాను. రానంటోంది."

"రాననే అన్నాను. మిమ్మల్ని పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు," అంది తాయారు. "ముప్పయ్యెనిమిదేళ్ళు మీరు ఆటలకి పోతే నేను గుమ్మంలో కూర్చున్నాను. ఇక్కడ గుమ్మానికి తాళం దానంతటదే పడుతుంది. కూర్చోనక్కర్లేదు."

అది డిసెంబరు మొదటి వారం. మేం అమ్మాయి దగ్గరికి వచ్చి ఉంటున్న న్యూజిలాండులో అప్పుడే ఎండాకాలం మొదలవుతుంది. భోజనాలు చేసి, గిన్నెలు కడిగి, పడుకుందామనుకునే వేళకి కూడా బయట పొద్దు నిలబడే ఉంటుంది. పొద్దు గుంకని చోట మనిషికి కాలు నిలవదు. పైగా హామిల్టన్‌లో కారు లేనివాడు కాళ్ళు లేనివాడితో సమానం. నాకు కారు రాదు. రోజూ పొద్దున్నా సాయంత్రమూ వీధి చివర రౌండబౌట్ దాకా నడిచేవాణ్ణి. అక్కడ నిలబడి నాలుగు వైపులా పోయే కార్లని చూసి వెనక్కి వచ్చేవాణ్ణి. అల్లుడు ఉదయభాస్కర్ మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఏదో మాట మీద మాట పెంచి పెట్టె సర్దుకోవచ్చు. ఇల్లంతా కార్పెట్టు. ఎవరు ఎటు నడిచినా చప్పుడుండదు. తాయారు మెట్టెల చప్పుడు విని ఎన్నాళ్ళయిందో అన్న సంగతి కూడా అప్పటికి నాకు తోచలేదు.

నేను తెనాలిలో బి.ఏ. చదివి, ఆ చదువుకి ఏమాత్రం సంబంధం లేకుండా పద్యనాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. రేపల్లె చుట్టుపక్కల శ్రీరామచంద్రమూర్తి పెట్టె అంటే తెలియనివాడు లేడు. మా వృత్తికి ఒక కట్టుబాటుంది. ఆట ఒప్పుకోవడమంటే తాంబూలం పుచ్చుకోవడమే. రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక అరటిపండు చేతిలో పడ్డాయంటే ఇంట్లో శవం లేచినా ఆటకి పోవాల్సిందే. మా గురువుగారు ఇంకో ముడి కూడా వేశారు: పుచ్చుకున్న తాంబూలం ఆట వాయించి తీర్చేదాకా, మరి దేనికీ ఊరి పొలిమేర దాటకూడదు. ఆయన శిష్యులం ఎవరమూ ఆ మాట దాటలేదు. కిరణ్మయి పుట్టిందని పుట్టింటి నుంచి కబురొచ్చిననాడు, నేను నాలుగు రోజుల తరవాతి ఆటకి తాంబూలం పుచ్చుకుని ఉన్నాను. ఊరు దాటలేదు. ఆట వాయించి, ఐదో రోజు పోయి బిడ్డని చూశాను.

తాయారు దాని మీద పెద్దగా ఏడవలేదు. ఏడాదికోసారి ఒకే మాట అనేది. "నన్ను చేసుకునేటప్పుడు కూడా పుచ్చుకున్నవి తాంబూలాలేనండీ. ఆ ఒక్కటే మీకు గుర్తుండదు."

*

మా ఇంటికి రెండిళ్ళవతల వ్లాస్తా అని డెబ్భయ్యారేళ్ళ ఆవిడ. చెక్ దేశస్థురాలు. పందొమ్మిదో ఏట వాళ్ళ ఊళ్ళోకి పరాయి ట్యాంకులు దిగితే, ఆవిడా ఆవిడ మొగుడు యార్దా ఒక సూట్‌కేసూ ఒక అకార్డియనూ పట్టుకుని దేశాలు దాటి ఇక్కడికి చేరారట. ఊరికి అరగంట దూరంలో, పాడిపొలాల మధ్య పాత చర్చి వాళ్ళ చెక్కహాలు ఒకటి తీసుకుని, ఎండాకాలమంతా శనివారం సాయంత్రాలు అక్కడ తమ దేశపు విందు నడుపుతారు. రోటరువా పోయే టూరిస్టు బస్సు ఒకటి అక్కడ ఆగుతుంది. నలభై మంది దిగుతారు. ఐదింటికి భోజనం, ఆరింటికి పాటా డాన్సూ, ఏడింటికి తీపి, ఏడున్నరకి బస్సు.

తాయారు అందులో ఎలా పడిందంటే, నవంబరులో వ్లాస్తాకి బూరెలు ఇవ్వడానికి పోయింది. అక్కడ ఆవిడ పులిసిన పిండిని పిల్లాడి తొడంత లావున చుట్టి ఆవిరికి ఉడికించి, కత్తి పక్కన పెట్టి దారం తీసిందట. కత్తితో కోస్తే వాళ్ళ కుడుము అణిగిపోతుందట. తాయారు నవ్వి, ఆ దారం ఆవిడ చేతిలోంచి తీసుకుని, గుడ్డు కోసినట్టు టకటకా పాతిక బిళ్ళలు కోసి పడేసింది. ఆ తరవాత ప్రతి శనివారం మధ్యాహ్నం వ్లాస్తా వ్యాను మా గుమ్మంలో ఉండేది. ఆవిడ ఇంగ్లీషు సగం చెక్కు, ఈవిడ ఇంగ్లీషు ముప్పాతిక తెలుగు. ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. పంది మాంసం గిన్నె వైపు మాత్రం తాయారు పోదు. పిండి వ్యవహారమంతా తనదే.

డిసెంబరు నెలాఖరులో ఓ శనివారం, అమ్మాయీ అల్లుడూ ఎవరిదో పుట్టినరోజు విందుకని ఆక్లండ్ పోయారు. ఇంట్లో గోడలు చూడలేక నేనూ వ్యానెక్కాను.

"ఊరికే కూర్చుంటే కుదరదు. ప్లేట్లు తుడవాలి," అంది తాయారు.

తుడిచాను. వ్లాస్తా కుచ్చుల గౌనూ, ఎర్ర మేజోళ్ళూ, పూలు కుట్టిన చేతుల్లేని కోటూ వేసుకుని వచ్చింది. నాటకాల్లో అరవయ్యేళ్ళ రాణివేషాలు చూసినవాణ్ణి, నాకేమీ వింతగా లేదు. యార్దా అకార్డియను భుజానికి తగిలించుకుని మొదలుపెట్టాడు. మన శంకరాభరణమే, కానీ రాగాన్ని నిలబెట్టి దణ్ణం పెట్టించుకోడు. చంక కింద గిలిగింతలు పెట్టి పరిగెత్తిస్తాడు. రెండు దెబ్బల నడక. వచ్చినవాళ్ళ చేతులు పట్టి లేపారు. జర్మనీ ముసలాళ్ళూ కొరియా ఆడపిల్లలూ ఆస్ట్రేలియా పింఛనుదార్లూ జంటలు జంటలుగా బొంగరాల్లా తిరుగుతూ హాలంతా చుట్టి వచ్చారు. చెక్కనేల డోలులా మోగింది.

నా కళ్ళు మాత్రం ఓ మూల పేర్చిన కుర్చీల కింద ఆగిపోయాయి. అక్కడ లెగ్ హార్మోనియం ఉంది. చర్చి వాళ్ళు వదిలేసిపోయింది. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించేది. అలాంటిది చూసి ఇరవయ్యేళ్ళయింది. కుర్చీలు నాలుగు దించి తొక్కాను. దగ్గొచ్చిన ముసలివాడిలా రొప్పింది గానీ, ఒక స్వరం పలికింది.

"అటు పోవద్దు," అంది తాయారు వెనకనుంచి. "ప్లేట్లున్నాయి."

*

జనవరిలో ప్లమ్ పళ్ళు పండాయి. యార్దా నిచ్చెన వేసుకుని చెట్టెక్కి, కొమ్మతో సహా దిగాడు. కుడి మణికట్టు విరిగింది. గురువారంనాడు తాయారు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"శనివారం మీరు వాయిస్తారని వ్లాస్తాకి చెప్పేశాను."

"ఎవర్నడిగి చెప్పావు?"

"మీరు ఎవర్నడిగి టిక్కెట్టు తీయించారు?"

రెండు రోజులు హాల్లోని ఆ హార్మోనియం పెట్టె విప్పి కూర్చున్నాను. తిత్తిలో ఎలుకలు కాపురం పెట్టాయి. తోలుముక్కలు అతికాను. రీడ్లు ఒక్కొక్కటీ తీసి బ్లేడుతో గీకి శ్రుతి చేశాను. వ్లాస్తా పాటలు పాడి వినిపించింది. ఒకసారి వింటే చాలు, అవన్నీ వేళ్ళకి వచ్చేశాయి. ఆ రెండు రోజులూ నేను రౌండబౌట్‌కి పోలేదని తరవాత ఎప్పుడో గుర్తొచ్చింది.

శనివారం సాయంత్రం పెట్టెని హాలుకి ఐమూలగా వేసుకున్నాను. పాడేవాడి ముఖం కనపడకపోతే హార్మోనిస్టుకి కళ్ళు లేనట్టే. పద్యానికి తాళం ఉండదు. పాడేవాడు ఊపిరి ఎక్కడ తీస్తే అక్కడ ఆగాలి. వాడు ఆగినచోట మనం నాలుగు స్వరాలు పోసి నిలబెట్టాలి. నలభయ్యేళ్ళు నేను తిన్న అన్నం అదే.

వ్లాస్తా మొదటి చరణం పాడింది. చివర ఊపిరి తీసుకుంది. నేను ఆగాను. ఆగి, ఆ ఖాళీలో అలవాటుగా ఒక చిన్న రాగం పోశాను. ఇటు చూస్తే పన్నెండు జంటలు ఒక కాలు గాల్లో పెట్టుకుని కొంగల్లా నిలబడి ఉన్నాయి. ఓ భారీమనిషి పక్కామె పాదం తొక్కాడు. ఇంకో ఆమె నేలమీద చతికిలబడింది. తరవాత అందరూ పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు.

ఆ మాట నా చెవిన పడకుండా ఉండాల్సింది. మా ఆటల్లో వన్స్ మోర్ అంటే కత్తివేటుకి చచ్చి పడున్నవాడు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. నేను మొదటికి వచ్చాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ వచ్చాను. వ్లాస్తా చెయ్యి ఊపుతోంది. అది మెచ్చుకోలనుకున్నాను. ఎన్నేళ్ళకో నా ముందు జనం ఉన్నారు. నా ఒంట్లోకి పాతికేళ్ళ రక్తం వచ్చింది.

బయట బస్సు హారను మోగింది. డ్రైవరు తలుపు దగ్గర గడియారం చూపిస్తున్నాడు. ఏడున్నర దాటి పది నిమిషాలు. నలభై మందీ సంచులు తీసుకుని పరిగెత్తారు. వంటగది గుమ్మంలో తాయారు నిలబడి ఉంది. వెనక బల్ల మీద నూట అరవై ప్లమ్ కుడుములు, ఒక్కోదాంట్లో ఒక్కో పండు పెట్టి పొద్దుటినుంచి చుట్టినవి, వెన్నా పంచదారా గసగసాలూ చల్లినవి, ఒక్కటి కూడా కదలకుండా ఉన్నాయి.

యార్దా కట్టుకట్టిన చేతితో నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు మంచి వాయిద్యగాడివే," అన్నాడు. "కానీ వాళ్ళ కాళ్ళు దొంగిలించావు."

వ్యానులో తాయారు కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చుంది. ఇంటి సందు మలుపులో ఒక్క మాట అంది.

"ఇక్కడా మీ ఆటే. ఇక్కడా నా వంట చల్లారిపోయింది."

*

ఇక అయిపోయిందనుకున్నాను. పెట్టెలో బట్టలు సర్దడం మొదలెట్టాను, ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుండగానే. మంగళవారం పొద్దున యార్దా గుమ్మంలో ఉన్నాడు. "రా," అన్నాడు. వ్లాస్తా వ్యాను తోలింది. తాయారు వెనక సీట్లో నా పక్కన కూర్చుంది గానీ, మధ్యలో పిండి బస్తా పెట్టింది.

హాల్లోకి పోగానే యార్దా హార్మోనియం పెట్టెని భుజంతో నెట్టి గోడ వైపు తిప్పేశాడు. నేను కూర్చుంటే ముఖానికి గోడ, వీపుకి హాలు.

"ఇదేం కూర్చోవడం? మనిషి కనపడకుండా ఎలా వాయిస్తాను?"

"మనిషిని చూడకు. నేలని విను."

ఎడమచేత్తో కర్ర పట్టుకుని నేల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు, ఒకటి రెండు. నేను ఆగితే ఆగడు. నేను తొందరపడితే తొందరపడడు. అరగంటకి నాకు చెమటలు పోశాయి.

"డాన్సాడే ముసలావిడ ఒకతె అలిసిపోయిందనుకోండి, ఆగొద్దా?" అన్నాను.

"ఆగితే ఆవిడ పడిపోతుంది. నువ్వు పోతూ ఉండు. ఆవిడే ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతుంది. నువ్వు అక్కడ ఉంటావని ఆవిడకి నమ్మకం ఉండాలి. అంతే."

కర్ర కొట్టడం ఆపి ఆయనే అన్నాడు. "టిక్కెట్టు తీశావటగా."

"తీశాను."

"నేను నాలుగేళ్ళు సూట్‌కేసు విప్పలేదు. వ్లాస్తా బట్టలు బీరువాలో, నావి పెట్టెలో. పొద్దున్నే తీసుకోవడం, ఉతికి మళ్ళీ దాంట్లోనే మడతపెట్టడం."

"మరి ఎప్పుడు విప్పారు?"

"ఈ శనివారాలు పెట్టుకున్నాక. ఎదురుగా ఒక శనివారం ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?" కర్ర ఎత్తాడు. "మళ్ళీ మొదట్నుంచి."

ఫిబ్రవరి శనివారాలు నాలుగూ గోడని చూస్తూ వాయించాను. ఎదురుగా పెచ్చులూడిన రంగు, ఒక మేకు. అంతే నా ప్రేక్షకులు. మొదట్లో మెడ దానంతటదే వెనక్కి తిరిగేది. యార్దా కర్రతో నా కుర్చీ కాలు మీద కొట్టేవాడు. మెల్లగా నేల వినపడడం మొదలైంది. కొత్త బూట్లెవరివో, పాతవెవరివో, బరువెవరిదో తెలిసేది. చప్పట్లు కొడితే కొట్టనిచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. సరిగ్గా ఏడింటికి తాయారు కుడుములు బయటికి వచ్చేవి, వేడివేడిగా. ఖాళీ పళ్ళేలు తుడవడానికి నేను వంటగదిలోకి పోయేవాణ్ణి. తాయారు పలికేది కాదు. కానీ ఒకనాడు పక్కకి తీసిపెట్టిన రెండు కుడుములు నా వైపు తోసింది.

అయినా రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. పెట్టె మంచం కింద ఉంది. దాని జిప్పు నేను వేయనూ లేదు, తీయనూ లేదు.

*

మార్చి ఏడు ఆ ఏటి విందులకి ఆఖరి శనివారం. తెల్లారి ఆదివారం, ఆ మర్నాడు నా విమానం. కిరణ్మయి కూడా కారేసుకుని వచ్చింది. "ఆఖరాట కదా నాన్నా, నేనెప్పుడూ మీరు వాయించగా చూడలేదు," అంది. నిజమే. తన చిన్నప్పుడు నేనెప్పుడూ ఆటలోనే ఉన్నాను గానీ, ఆ ఆట మాత్రం దానికి చూపించలేదు.

ఆరున్నరకి ఆఖరి పాట. వ్లాస్తా మొదటి చరణం పాడి, రెండోది పాడకుండా వంటగది వైపు పోయింది. వాళ్ళ ఆనవాయితీ అట, సీజను ఆఖర్న వంటవాళ్ళని కూడా లాక్కొస్తారు. వెనక నవ్వులు. "నాకు రాదమ్మా, వదులు, చేతులంతా పిండి," అని తాయారు గొంతు. "బూట్లతో నావల్ల కాదు," అని ఇంకో మాట. ఏవో రెండు దబ్‌మని పక్కకి పడ్డాయి.

నేను వాయిస్తున్నాను. ఒకటి రెండు, ఒకటి రెండు. నలభై జతల బూట్లు. వాటి మధ్యలోంచి సన్నగా టిక్కుమంటూ ఒక చప్పుడు. ఉత్త పాదాలు. చెక్క మీద వెండి మెట్టెలు.

మెడ తిప్పబుద్ధయింది. మేకునే చూశాను.

మొదట ఆ చప్పుడు దెబ్బకి వెనక పడింది. తరవాత ముందుకి పోయింది. తరవాత దెబ్బ మీదికి వచ్చి కూర్చుంది. హాలంతా చుట్టి, నా వీపు వెనకగా పోయి, దూరమై, మళ్ళీ వచ్చింది. మూడో చుట్టులో ఆగిపోయింది. ఆయాసమొచ్చి ఉంటుంది. మోకాలి నొప్పి ఉంది కదా. నా పాదాలు తొక్కుడు తగ్గించబోయాయి. తగ్గించలేదు. అలాగే పోయాను, అదే నడక, అదే దెబ్బ. అరవైదాకా లెక్కపెట్టి ఉంటాను. అప్పుడు మళ్ళీ టిక్కుమంది.

పాట ఎక్కడ ముగియాలో అక్కడే ముగించాను. వన్స్ మోర్ అన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడని చూశాను. ఏమీ లేదు, మేకే. కుడుములు ఏడింటికి బయటికి వచ్చాయి. ఏడున్నరకి బస్సు పోయింది. ఇంకా కాస్త ఎండ మిగిలే ఉంది.

పెట్టె మూత వేసి గుడ్డ కప్పుతుంటే, వ్లాస్తా ఆ కుచ్చుల గౌనుతోనే నా ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు చేతులా ఒక పళ్ళెం. ఆవిడ వెనక కిరణ్మయి చూపు నేలమీద పెట్టుకుని పెదవి కొరుకుతోంది.

"మిస్టర్ మూర్తీ," అంది వ్లాస్తా, బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు. "డిసెంబరు. మొదటి శనివారం."

పళ్ళెంలో రెండు తమలపాకులు. ఫిజీవాళ్ళ కొట్లో దొరికేవి, కాస్త వాడినవి. ఈనెలు తీసి, కొసలు నావైపుకి తిప్పి ఉన్నాయి. వాటి మీద ఒక వక్క. అరటిపండు ఉండాల్సిన చోట ఆఖరి కాపు ప్లమ్ పండు ఒకటి.

చెక్ దేశపు ఆవిడకి ఆకు కొస ఎటు తిప్పాలో తెలియదు.

వంటగది వైపు చూశాను. తాయారు సింకు దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. నీళ్ళు ధారగా పోతున్నాయి. చేతిలో మాత్రం ప్లేటు లేదు. కాళ్ళకి ఇంకా బూట్లు తొడుక్కోలేదు.

పుచ్చుకుంటే ఏమవుతుందో ఆ హాల్లో ముగ్గురికి తెలుసు. నాలుగో ఆవిడకి కూడా చెప్పే ఉంటారు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను. రెండు చేతులూ పట్టి తీసుకున్నాను.

"అరటిపండు దొరకలేదా?" అన్నాను, ఎవరినీ చూడకుండా.

"ఉన్నచోట కాసిందే పెడతారు," అంది తాయారు, వెనక్కి తిరగకుండానే. కుళాయి కట్టేసింది.

పండు చొక్కా జేబులో వేసుకున్నాను. ఆకులు చేతిలో ఉన్నాయి. తొమ్మిది నెలలు. గురువుగారు ఇంత దూరపు ఆట ఎప్పుడూ ఒప్పుకుని ఉండరు.

"అయితే తాయారూ, ఈ ఊరి పొలిమేర ఎక్కడిదాకా?"

తాయారు తుడుపుగుడ్డ ఒకటి నా భుజం మీద వేసి, రెండోది తను తీసుకుంది.

"రౌండబౌట్ దాకా. రోజూ చూసి వస్తూనే ఉన్నారుగా."